ఎత్తిన చెయ్యి

డిసెంబర్ 1, ఆదివారం

ఎత్తింది! టైలరమ్మ చెయ్యి ఎత్తింది!

కల కాదు, నా రెండు కళ్ళతో చూశాను. ప్రసంగం అయ్యాక ఎప్పటిలాగే, "తలలు వంచి కళ్ళు మూసుకోండి. ప్రభువును అంగీకరించాలనుకునేవాళ్ళు నెమ్మదిగా చెయ్యి ఎత్తండి. ఎవరూ చూడరు" అన్నాను. ఎవరూ చూడరంటే మిగతావాళ్ళు చూడరని. ప్రార్థన చేయించే మనిషి కళ్ళు తెరిచే ఉంచుకోవాలి, లేకపోతే లెక్క ఎలా తెలుస్తుంది? తొమ్మిది నెలలుగా ప్రతి ఆదివారం ఆ మాట అంటున్నాను. తొమ్మిది నెలలుగా పదకొండు కుర్చీలూ, అందులో నిండిన ఐదారు కుర్చీలూ నా వైపు ఉలుకూ పలుకూ లేకుండా చూస్తున్నాయి. రిటైరైన బస్సు డ్రైవరు గారైతే కళ్ళు మూసుకోమనగానే నిజంగానే నిద్రపోతారు.

ఈరోజు మూడో వరసలో కుడి చెయ్యి లేచింది. ఒక్కసారిగా కాదు. వణుకుతూ లేచి, సగంలో ఆగి, మళ్ళీ లేచింది. ఎడమ చేత్తో మోచెయ్యి కింద పట్టుకుంది పాపం. ముఖమంతా బాధ. పెదవులు కదులుతున్నాయి. పశ్చాత్తాపం అని పుస్తకాల్లో చదివిందాన్ని మనిషి ముఖంలో చూడటం ఇదే మొదటిసారి.

గది కిందనున్న తాళాల కొట్టువాడికి కూడా నా గుండె చప్పుడు వినపడి ఉంటుంది.

తర్వాత కుర్చీలు మడత పెడుతూ అక్కని అడిగాను, "చూశావా?" అని.

"నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన కదా" అంది.

నాకు జోడీగా ఇచ్చిన ఈ గడియారం అక్క ఈ చలి దేశానికి సువార్త పనికి వచ్చి మూడేళ్ళయింది. టైము ప్రకారం లేస్తుంది, టైము ప్రకారం తింటుంది, ఇక్కడి భాష మాత్రం ఇప్పటికీ చేతులతోనే మాట్లాడుతుంది. తొమ్మిది నెలల్లో ప్రసంగం చెప్పే స్థాయికి వచ్చింది ఎవరు? నేను. డబ్బా కొట్టుకోవడం కాదు, ఉన్నమాటే.

డిసెంబర్ 2, సోమవారం

మా సంఘానికి మెయిల్లో ఉత్తరం పంపాను. ఈ ఉత్తరాన్ని నాన్న ఆరాధనలో నిలబడి చదువుతారు. ఇన్నాళ్ళూ పాపం ఏం చదివారు? వాతావరణం, హీటరు పాడవడం, డ్రైవరు గారి మోకాలు. ఈసారి చదవమను!

"ఒక సహోదరి కన్నీళ్ళతో చెయ్యి ఎత్తి ప్రభువును అంగీకరించింది" అని రాశాను. కన్నీళ్ళు కారాయా అంటే కారలేదు. కళ్ళల్లో తడి ఉందనే అనుకుంటున్నాను.

ఆమెను అడిగి రాస్తే బాగుండేదని అక్క అంది. చెయ్యి ఎత్తినవాళ్ళని వెంటపడి అడగకూడదని, ఆ నిర్ణయం వాళ్ళలో కొన్నాళ్ళు కుదురుకోనివ్వాలని శిక్షణలో చెప్పారు. అక్క ఆ రోజు క్లాసులో ఉందో లేదో.

డిసెంబర్ 3, మంగళవారం

మంగళవారాలు టైలరమ్మ కొట్టుకి వెళ్తాను. ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, కోట్లకి లోపలి గుడ్డ వేయడం, ఇవీ ఆమె పనులు. భర్త పోయి ఆరేళ్ళు. ఎండాకాలం నుంచి కుడి భుజం బాగోక, తయారైన కోట్లని పై కమ్మీకి తగిలించలేకపోతోంది. అవన్నీ నేనే తగిలిస్తాను. మా పరిచయం మొదలైందే అలా.

"ఆదివారం చాలా సంతోషం కలిగింది నాకు" అన్నాను ఇవాళ.

నోటి నిండా గుండుసూదులు పట్టుకున్న మనిషి ఏం చెబుతుంది? తల ఊపింది. నాకంత చాలు.

డిసెంబర్ 5, గురువారం

నాన్న ఫోన్!

"తల్లీ, నిన్న బుధవారం కూడికలో నీ ఉత్తరం రెండుసార్లు చదివించారే నాతో. అయిపోయింది కూర్చుందామనుకుంటే, ఆ పెద్దావిడ లేచి, ఆ చెయ్యి ఎత్తిన ముక్క మళ్ళీ చదవయ్యా అంది."

"మరి అయ్యగారు ఏమన్నారు?"

"ఏమంటారు? కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు."

మా పాస్టరు అయ్యగారు కళ్ళజోడు తుడుచుకోవడమంటే మాటలు కాదు. నన్ను పంపేముందు సంఘంలో ఆయన ఒక్కరే వద్దన్నారు. ఇరవై మూడేళ్ళ ఆడపిల్ల, అంత దూరం, భాష రాదు, ఏం సాధిస్తుంది అని. అప్పుడు నాన్న లేచి నిలబడ్డారు. కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్ మా నాన్న, సభలో మాట్లాడటం బొత్తిగా రాదు. "నా కూతురు సాధిస్తుందండీ" అని మూడు ముక్కలు అని కూర్చున్నారు. ఆ మూడు ముక్కల్ని తొమ్మిది నెలలుగా మోస్తున్నాను.

ఫోన్ అమ్మ లాక్కుంది. "స్వెట్టర్ వేసుకుంటున్నావా? ఆ చెయ్యెత్తినావిడ పేరేంటి, శుక్రవారం ఉపవాసంలో ఆమె కోసం ప్రార్థన చేస్తాం. ఆడవాళ్ళం ముప్ఫైమందిమి ఉన్నాం."

పేరు చెప్పాను.

డిసెంబర్ 8, ఆదివారం

ఈసారి మూడుసార్లు ఎత్తింది! ఒకసారి ఎత్తితే చాలు. మూడుసార్లు ఎత్తేవాళ్ళుంటారని శిక్షణలో కూడా చెప్పలేదు. ఆమె ఎత్తుతూ ఉంటే నేను ప్రార్థన పొడిగిస్తూ పోయాను. డ్రైవరు గారు గురక మొదలుపెట్టారు. గడియారం అక్క గొంతు సవరించుకుంది. అయినా ఆపలేదు.

డిసెంబర్ 9, సోమవారం

కాళ్ళు నేల మీద ఆనడం లేదు. దేవా, నన్ను అణకువలో ఉంచు. కొంచెం.

డిసెంబర్ 11, బుధవారం

అయ్యగారి నుంచి కబురు. క్రిస్మస్ రోజు సాయంత్రం, అంటే మాకు మధ్యాహ్నం, అక్కడి కార్యక్రమం మధ్యలో మాకు వీడియో కాల్ చేస్తారట. సంఘమంతా పెద్ద తెర మీద చూస్తుంది. వైర్లు లాగేది నాన్నే. టైలరమ్మ సాక్ష్యం చెప్పాలి, నేను తెలుగులో చెప్పాలి.

ఇంకో సంగతి. 28న కమిటీ కూర్చుంటుంది. మమ్మల్ని ఇంకో రెండేళ్ళు ఇక్కడ ఉంచాలా, పని ఆపేసి వెనక్కి పిలవాలా అనేది ఆ రోజు తేలుస్తారు. కమిటీలో నాన్న కూడా ఉన్నారు గానీ, కూతురి విషయం కాబట్టి తను ఓటు వేయనన్నారట.

వెయ్యకపోతే ఏం? ఓటు టైలరమ్మ వేసేసింది.

డిసెంబర్ 15, ఆదివారం

చెయ్యి చెవి దాటి పోయింది ఇవాళ. ముఖంలో బాధ కూడా తగ్గింది. విశ్వాసం పెరిగే కొద్దీ ముఖం తేటపడుతుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? మంగళవారం కొట్టుకెళ్ళి బాప్తిస్మం గురించి, క్రిస్మస్ కాల్ గురించి మాట్లాడతాను. ఎలా మొదలుపెట్టాలో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని చూశాను. బాగా వచ్చింది.

డిసెంబర్ 17, మంగళవారం

ఈరోజు రాయడానికి ఏమీ లేదు.

డిసెంబర్ 18, బుధవారం

తలనొప్పి. అక్క సూప్ కాచింది. బాగుంది. పడుకున్నాను.

డిసెంబర్ 19, గురువారం

రాయకపోతే జరగనట్టు అవుతుందా? రాసేస్తాను.

మంగళవారం కొట్టుకి వెళ్ళాను. కోట్లు తగిలించబోతే, "ఉండు, ఉండు, ఇవాళ నేనే తగిలిస్తా చూడు" అని కోటు అందుకుని, పళ్ళు బిగించి, పై కమ్మీకి తగిలించేసింది. పండగ చేసుకుంటున్న ముఖంతో నా వైపు తిరిగింది.

"మీ ప్రార్థనలవల్లే" అంది.

"స్తోత్రం! దేవుడు స్వస్థపరిచాడు" అన్నాను.

"దేవుడి సంగతి నాకు తెలీదమ్మాయ్. డాక్టరు రోజుకి ఇరవైసార్లు చెయ్యి పైకెత్తి పది లెక్కపెట్టమన్నాడు. కొట్లో కూర్చుని ఎత్తితే అద్దంలోంచి రోడ్డు మీద జనం చూసి నవ్వుతారు. ఇంట్లో బద్ధకం. మీ దగ్గర అయితే అందరూ కళ్ళు మూసుకుంటారు, పైగా చెయ్యి ఎత్తమని నువ్వే అంటావు. హాయిగా ఎత్తుకోవచ్చు. పోయిన్నెల డ్రైవరుకి మోకాలి నొప్పి తగ్గాలని ప్రార్థన చేశారుగా, ఇది కూడా అలాంటిదే, భుజాలు బాగోలేని వాళ్ళకి అనుకున్నా."

పెదవులు కదలడం ప్రార్థన కాదు. ఒకటి, రెండు, మూడు.

"నేను చూశాను" అన్నాను. అంతకంటే తెలివైన మాట రాలేదు నాకు.

ఆమె ముఖం ఎర్రబడిపోయింది. "నువ్వు చూశావా? నువ్వు కూడా మూసుకుంటావనుకున్నానే!"

అప్పుడు అడిగాను. మీరు ప్రభువును నమ్మలేదా అని. ఆమె చేతిలోని జిప్పుని పైకీ కిందికీ లాగి చూసింది. "నాకు అలాంటివి రావమ్మాయ్. మీ ఇద్దరూ పాడుతుంటే బాగుంటుంది, గది వెచ్చగా ఉంటుంది, ఆదివారం కొట్టు మూస్తాను కదా, ఒక్కదాన్నే ఏం చేయను? అందుకని వస్తాను. రావద్దంటే మానేస్తా" అంది.

"రండి" అన్నాను. బయటికి వచ్చి బస్టాపులో మూడు బస్సులు వదిలేశాను.

ముప్ఫైమంది ఆడవాళ్ళు రెండు శుక్రవారాలు పస్తులున్నారు, ఒక భుజం కోసం.

డిసెంబర్ 20, శుక్రవారం

మూడు శుక్రవారాలు.

ఆలోచించి చూస్తే, దేవుడు మనిషిని దేని ద్వారానైనా పిలుచుకోవచ్చు. చూపు ద్వారా పిలిచాడు, ఆకలి ద్వారా పిలిచాడు. భుజం ద్వారా ఎందుకు పిలవకూడదు? ఇవాళ కాకపోతే రేపు నమ్ముతుంది. రేపు నమ్మబోయేదాన్ని ఇవాళ చెప్పడం అబద్ధం ఎలా అవుతుంది, కాస్త తొందరపాటు అవుతుంది అంతే.

అక్కకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నాను.

"చేద్దాం కాదు. ఉత్తరం నువ్వు రాశావు" అంది. చెప్పి బట్టలు ఇస్త్రీ చేసుకుంది. టైము ప్రకారం.

డిసెంబర్ 22, ఆదివారం

ఇవాళ ప్రార్థనలో చెయ్యి ఎత్తమనలేదు. గొంతు పోయిందని అక్క చేత ప్రార్థన చేయించాను. టైలరమ్మ నా వైపు అదోలా చూసింది. కూడిక అయ్యాక పక్కకి పిలిచి, "ఏంటి, ఐదు రోజుల్లో సగం అయిపోయావు?" అంది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను. మొత్తం చెప్పాను. ఉత్తరం, మా నాన్న, కమిటీ, వెనక్కి పిలవడం, క్రిస్మస్ కాల్.

"అంతేనా? దీనికా ఏడుపు?" అంది. "నేను మాట్లాడతాలే. మీవాళ్ళకి నా భాష రాదుగా? నేను నాకు తోచింది ఏదో చెప్తాను, నువ్వు నీకు కావలసింది చెప్పుకో. నేను అబద్ధం చెప్పినట్టూ ఉండదు, నీ పనీ అయిపోతుంది. నువ్వు వెళ్ళిపోతే నాకు మాత్రం బాగుంటుందా?"

ఎంత మంచి మనిషో. ఎంత చక్కగా కుదిరిందో. ఇది దేవుడు చూపించిన దారి కాకపోతే మరేమిటి?

ఇందాక రాసింది చదివితే నాకే నచ్చలేదు. కొట్టేయను, ఉండనీ.

డిసెంబర్ 24, మంగళవారం

చెప్పాల్సిన రెండు వాక్యాలూ కాగితం మీద రాసుకున్నాను. "నేను చీకటిలో ఉన్నప్పుడు ఈ బిడ్డల ద్వారా ప్రభువు నన్ను పిలిచాడు. నా చెయ్యి ఆయన పట్టుకున్నాడు." బాగున్నాయి. రెండోది మరీ బాగుంది. అక్కకి వినిపించాను.

"అక్షరాలు చక్కగా రాశావు" అంది.

నాన్న మెసేజ్ పెట్టారు. తెర బిగించడం అయిపోయిందట, కొత్త చొక్కా కుట్టించుకున్నారట. మా వీధిలో సంఘానికి రానివాళ్ళని కూడా పిలిచారట, మా అమ్మాయి కనపడుతుంది రండి అని.

డిసెంబర్ 25, బుధవారం

వరసగా రాస్తాను. ఏదీ వదలను.

పాటల పుస్తకాల దొంతరకి ఫోన్ ఆనించి పెట్టాం. టైలరమ్మ తను కుట్టుకున్న నీలం కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చింది. డ్రైవరు గారు కూడా మేలుకునే ఉన్నారు. తెర వెలిగింది. మా సంఘం! కాగితం నక్షత్రాలు, పిల్లల చేతుల్లో బూరలు, రెండు వందలమంది. ముందు వరసలో అమ్మ. పక్కన నిలబడి వైర్లు చూసుకుంటూ నాన్న, కొత్త చొక్కా మెడ దగ్గర బిగిసిపోయి.

"ఇదిగో, మనం ఉపవాసాలతో సంపాదించుకున్న మొదటి ఫలం" అన్నారు అయ్యగారు మైకులో. "అమ్మా, సాక్ష్యం చెప్పించు."

నేను టైలరమ్మకి సైగ చేశాను. ఆమె ఫోన్‌కి మరీ దగ్గరగా వచ్చి మాట్లాడింది. అచ్చంగా ఇవే ఆమె మాటలు: "అందరికీ నమస్కారం. ఈ పిల్లలిద్దరూ మంచివాళ్ళు. వీళ్ళని వెనక్కి పిలవకండి. ఆగస్టులో నా చెయ్యి ఇక్కడిదాకా కూడా లేచేది కాదు. ఇప్పుడు చూడండి."

అని కుడి చెయ్యి ఎత్తింది. ఎడమ చెయ్యి సాయం లేకుండా, నిటారుగా, తెరకి పట్టనంత పైకి.

అక్కడ "స్తోత్రం!" అని ఒకటే హోరు. ఆమెను చూసి వాళ్ళూ చేతులెత్తారు. ముందు వరస, వెనక వరస, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు, రెండు వందలమంది. అమ్మ రెండు చేతులూ ఎత్తింది. గాజులన్నీ మోచేతుల దాకా జారిపోయాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. మూడు శుక్రవారాలు ఏమీ తినకుండా ఉన్న మా అమ్మ.

చేతులు దిగాక అందరూ నా వైపు చూశారు, తెలుగులో వినాలని. కాగితం నా చేతిలోనే ఉంది. నోరు తెరిచాను. ఆ రెండు వాక్యాలూ చదవడానికే తెరిచాను, ఇది కూడా రాసుకోవాలి.

"ఆమె ఏమన్నారంటే, ఆగస్టులో ఆమె చెయ్యి లేచేది కాదంట, ఇప్పుడు లేస్తోందంట" అన్నాను. "అంతే అన్నారండీ. ఆమె ప్రభువును నమ్మలేదు. భుజం నొప్పికి డాక్టరు చెయ్యి ఎత్తుతూ ఉండమన్నాడు. ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటాం కదా, ఎవరూ నవ్వరని అప్పుడు ఎత్తింది. నేను చూసి, ఆమెను అడక్కుండా మీకు రాశాను. కన్నీళ్ళు కూడా నేనే కలిపాను. వారం కిందటే నాకు తెలిసింది. తెలిసీ చెప్పలేదు. ఇక్కడ ఇప్పటివరకు ఒక్కరు కూడా నమ్మలేదండీ. ఒక్కరు కూడా."

బూర ఊదుతున్న పిల్లవాడెవడో ఆపేశాడు. అయ్యగారు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డారు. నాన్న అక్కణ్ణించి కదిలి తెరలోంచి వెళ్ళిపోయారు. చూశాను, వెళ్ళిపోవడం. ముఖం చెల్లక బయటికి వెళ్ళిపోయారనుకున్నాను.

స్పీకరు కుయ్‌మని అరిచింది. నాన్న మళ్ళీ తెరలోకి వచ్చారు. అయ్యగారి చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"తల్లీ, వెనక వరసలకి వినపడలేదు. సౌండు పెంచాను. మొదట్నించీ మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. మొదట్నించీ, భుజం, డాక్టరు, నేను కలిపిన కన్నీళ్ళు, అన్నీ. రెండోసారి కాగితం మడిచి జేబులో పెట్టుకుని చెప్పాను. అయ్యగారు ముగింపు ప్రార్థన చేశారు, కాల్ అయిపోయింది.

"ఏంటి చెప్పావు? మీవాళ్ళ ముఖాలు అలా అయిపోయాయి?" అని టైలరమ్మ అడిగింది. చెప్పాను. "నేను అంత కష్టపడి ఎత్తితే! అంతా పాడుచేశావు" అని కోపంగా కోటు బొత్తాలు పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, నా నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

అక్క కుర్చీలన్నీ ఒక్కతే మడత పెట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. భోజనం గంట ఆలస్యం చేసింది. మూడేళ్ళలో ఇదే మొదటిసారట.

డిసెంబర్ 26, గురువారం

నాన్న ఫోన్ చేయలేదు.

డిసెంబర్ 27, శుక్రవారం

చేయలేదు. సూట్‌కేసు దులిపి పెట్టాను.

డిసెంబర్ 28, శనివారం

ఈరోజు కమిటీ.

డిసెంబర్ 29, ఆదివారం

ఉదయం ఫోన్ మోగింది. నాన్న నంబరు, కానీ అవతల అయ్యగారు.

"అమ్మా, నిన్న కమిటీలో అందరూ నీ ఉత్తరం ముందేసుకుని కూర్చున్నారు" అన్నారు. "నేను నా పాత నోటుబుక్కులు తెచ్చి దాని పక్కన పెట్టాను. పాతికేళ్ళుగా కూటాల్లో ప్రార్థన చేయిస్తున్నాను కదా. ఈ ఊళ్ళో నూటపది చేతులు, ఆ ఊళ్ళో నూటయాభై, అని రాసి పైవాళ్ళకి పంపాను. ఒక్కరినీ దగ్గరికెళ్ళి అడగలేదు. వాటిలో భుజం నొప్పులెన్ని ఉన్నాయో నాకు తెలీదండీ అని కమిటీకి చెప్పాను."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"నిన్ను పంపొద్దన్నది నేనే కదా. ఉంచమన్నదీ నేనే. రెండేళ్ళు. పని చెయ్యి. ఉత్తరాలు రాయి. డ్రైవరు గారి మోకాలి గురించి రాయి, హీటరు గురించి రాయి. లెక్క మాత్రం రాయకు."

తర్వాత నాన్న తీసుకున్నారు.

"నాలుగు రోజులుగా ఎందుకు ఫోన్ చేయలేదు నాన్నా?"

"ఫోన్ మీ అమ్మ దాచేసింది. పిల్లని నలుగురిలో అంత మాట రెండుసార్లు చెప్పించినందుకు నాతో మాట్లాడటం మానేసింది. ఇవాళ అయ్యగారు వచ్చి అడిగితే ఇచ్చింది."

"ఎందుకు చెప్పించారు? నిజంగా వెనకవాళ్ళకి వినపడలేదా?"

నాన్న స్తంభం ఎక్కబోయే ముందు నడుము బెల్టు సరిచూసుకున్నట్టు గొంతు సవరించుకున్నారు.

"వినపడింది తల్లీ, అందరికీ వినపడింది. నాకే ఇంకోసారి వినాలనిపించింది."